పాలకడుగు

జూన్ 2

సంవత్సరం సగమయ్యాక డైరీ కొన్నాను. ముందు కాగితాలు ఖాళీగా ఉన్నా అడిగేవాళ్ళెవరు. తెల్ల కాగితం అని చెప్పి మరీ అంటగట్టాడు కొట్టువాడు. విప్పి చూస్తే పసుపు. ఈమధ్య ఏదీ తెల్లగా రావడం లేదు. మొన్న బల్ల మీద ట్యూబులైటు కొత్తది వేయించాను, అదీ అంతే.

కర్టెన్ల కొట్టావిడ వచ్చింది. సభలు జరిగే ఆ పెద్ద హాలుకి తొమ్మిదేళ్ళ కిందట మేమిచ్చిన గుడ్డే పన్నెండు కిటికీలకీ వేలాడుతోంది. కప్పు కారి ఆరు పాడయ్యాయి. ఇప్పుడు ఆ ఆరూ కొత్తవి కావాలి. ఏవి పాతవో ఏవి కొత్తవో ఎవరికీ తెలియకూడదు. రంగు పాలకడుగు.

పాతదాంట్లోంచి ముక్క కోసి తెచ్చింది. చూశాను. ఎండకి పసుపెక్కిపోయింది. దీన్ని పట్టుకుని చెయ్యలేను, గుర్తుని బట్టి చేస్తానన్నాను. ఆవిడ ముక్కని మడిచి సంచీలో పెట్టుకుంది. ముప్పయ్యేళ్ళుగా నా తలలో ఉన్న రంగు, నాకు ముక్క ఎందుకు.

అద్దకం చేసే అతనికి చెప్పాను. "సరేనండి" అన్నాడు. అతనికి నేను పెట్టుకున్న పేరు కూడా అదే. గుడ్డ వదిలేసి గోడకి రంగెయ్యమన్నా సరేనండి అంటాడు. చేరి మూడేళ్ళయింది, ఒక్క గొడవ లేదు. షెడ్డు ప్రశాంతంగా ఉంది. చాలా ప్రశాంతంగా ఉంది.

జూన్ 5

మూడు శాంపిల్ ముక్కలు. మూడూ పసుపు తిరిగాయి. నీలం ఇంకాస్త వెయ్యమన్నాను. సరేనండి.

మూడేళ్ళలో మొదటిసారి అతను ఒక ప్రశ్న అడిగాడు. రంగు కుదిరాక ముక్కకి మూల ఎందుకు కత్తిరిస్తారు మేడమ్ అని.

మొదటి ఏడాది నుంచి వచ్చిన అలవాటు. అప్పట్లో అద్దకం చేసిన ఆవిడ చేతులు ఎప్పుడూ తడి, నా చేతులు ఎప్పుడూ పెన్సిలు మసి. కాగితం మీద రాసుకుంటే ఇద్దరిలో ఒకరం దాన్ని పాడుచేసేవాళ్ళం. అందుకని కత్తెర. కుడివైపు మూల కత్తిరించానంటే ఒప్పుకున్నట్టు. ముక్క తొట్టి పక్కన మేకుకి వెళ్తుంది, తెగిన మూల నా రేకు డబ్బాలోకి వస్తుంది. మూల తెగాక ఇద్దరిలో ఎవరూ మాట మార్చకూడదు.

అతనికి ఇందులో సగం చెప్పాను. ఆవిడ ఎవరని అడగలేదు. అడిగితే నా చెల్లెలని చెప్పాల్సి వచ్చేది.

జూన్ 6

నాలుగోదీ పసుపే.

జూన్ 8

ఆదివారం. షెడ్డు మూసి ఉంది, ఇంట్లో తోచడం లేదు. డబ్బా తీసి మూలలన్నీ దుప్పటి మీద పోశాను. ముప్పయ్యేళ్ళ మూలలు. తుప్పు రంగు, వంకాయ తొడిమ రంగు, తడి ఇటుక, బడి గోడ, అత్తగారి కోపం. ఈ చివరిది ఒక ముదురు ఎరుపు. పేరు పెట్టింది ఆవిడ, అప్పటికింకా ఆవిడకి పెళ్ళి కూడా కాలేదు.

మిల్లు డ్రాయింగ్ గదిలో నేను ఆరేళ్ళు ఇంకొకళ్ళు గీసిన పువ్వుల మీద పల్చటి కాగితం పరిచి దిద్దాను. రేకులు లెక్కపెట్టి దిద్దాలి, ఒక్కటి ఎక్కువైతే తిట్లు. ఒక రోజు కావాలనే ఒక పువ్వుకి ఆరో రేకు పెట్టాను. ఎవరూ కనిపెట్టలేదు. ఆ గుడ్డ మార్కెట్లోకి వచ్చాక కొని ఇంటికి తెచ్చి ఆవిడకి చూపించాను. ఒక్క నిమిషంలో వేలు పెట్టింది, ఇది నీది అని. ఆ నెలే ఉద్యోగం మానేశాను. వంటింట్లో ఒక పొయ్యి, ఒక గుండిగ. నేను గీసేదాన్ని, తను ముంచేది.

పాలకడుగు కథ మటుకు అంతకంటే పాతది. చిన్నప్పుడు ఇంట్లో పాలు ఒక గ్లాసుకే వచ్చేవి. పెద్దదాన్ని కాబట్టి, బడికి పోవాలి కాబట్టి, నేను తాగేదాన్ని. అమ్మ ఆ గ్లాసులో కాసిని నీళ్ళు పోసి తిప్పి చిన్నదానికి ఇచ్చేది. తను వెంటనే తాగేది కాదు. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురుకి పట్టుకుని చూసేది. తెలుపూ కాదు, బూడిదా కాదు. అంచుల దగ్గర ఉందా లేదా అన్నట్టు ఒక నీలం. బియ్యం కడిగితే కడుగు అంటాంగా, ఇది పాలకడుగు అంది. ఆ మాట అన్నప్పుడు దానికి ఐదేళ్ళు.

పెద్దయ్యాక ఆ రంగే మాకు పేరు తెచ్చింది. ఎవరైనా అడిగితే ఆవిడ చెప్పేది, "అక్కకి పాలు, నాకు రంగు" అని. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

జూన్ 12

మరిది, చెల్లెలి మొగుడు, ఫోన్ చేశాడు. నెలకోసారి చేస్తాడు, ఇంట్లోంచి కాదు, వీధిలోకి వచ్చి. వెనక బండ్ల చప్పుడు వినబడుతుంది. ఆవిడ ఇప్పటికీ ఆ హోటలు లాండ్రీలోనే చేస్తోందట. అన్నీ తెల్ల దుప్పట్లు, తెల్ల తువ్వాళ్ళు. హాయిగా ఉంది, రంగుల గొడవ లేదు అంటోందట. తెల్లదానికీ నీలిమందు పెట్టాలిగా, ఎక్కడికి పోతుంది.

నన్ను అడిగిందా అని నేను అడగలేదు. అతనే చెప్పాడు, అడగలేదు వదినా అని. ఆ తర్వాత ప్రతిసారీ అడిగేదే అడిగాడు, కళ్ళెలా ఉన్నాయని. నెత్తి మీద ఉన్నాయని చెప్పాను.

మరచిపోతానా. నలుగురి ముందు, కొట్టావిడ అక్కడే నిలబడి ఉండగా, నీ కళ్ళు నెత్తికెక్కాయి అంది. సొంత అక్కని. తను అద్దిన తాన్లు పసుపు తిరిగాయి, ఆ మాట చెప్పినందుకు. అలాంటి మాట పడి ఎవరు ఊరుకుంటారు. నేనూ ఒక మాట అన్నాను. మర్నాటి నుంచి రాలేదు. ఆరు తాన్లూ కాగితం చుట్టి అటక మీద పడేయించాను.

జూన్ 13

ఐదు. కాదు.

జూన్ 14

నిన్న రాసింది ఇప్పుడు చూసుకున్నాను. కాదు అని రాశాను. అది తన మాట. మొదటి ముక్క నేను బావుందన్నా సరే, కాదు అనేది. తను కలిపిన రంగుని తనే కాదనేది. రెండోదీ కాదు. మూడోదాని దగ్గర తల ఒక పక్కకి వంచి, ఊఁ అనేది. అదీ అయిష్టంగా. కాదు తప్ప ఇంకో మాట నేర్పలేదా మీ అమ్మ అంటే, మీ అమ్మ కూడా అదే నేర్పిందిగా అనేది.

కొమ్మలూ ఆకులూ గీస్తే కూడా అంతే. ఈ కొమ్మకి బరువు లేదు, కాదు, ఇంకోటి గియ్యి. తిట్టుకుంటూ గీసేదాన్ని. రెండోది ఎప్పుడూ మెరుగ్గానే వచ్చేది. ఆ సంగతి తనకి ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఈ మూడేళ్ళలో నేను గీసినవన్నీ మొదటివే. సరేనండి.

జూన్ 17

ఏడోది కుదిరింది. అచ్చం పాలకడుగు. కుడి మూల కత్తిరించి ఇచ్చాను. అతను ముక్క పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి వెలుతురులో నిలబడ్డాడు. ఏమిటన్నాను. ఏం లేదు, సరేనండి అన్నాడు.

జూన్ 26

తాన్లు వెళ్ళాయి. సాయంత్రం తీరిగ్గా కూర్చుని టీ తాగాను. కొట్టావిడకి నచ్చితే ఈ కబురు మరిది ద్వారా తనకి చేరుతుంది. నువ్వు లేకుండా పాలకడుగు చేశాను అని నేను చెప్పనక్కర్లేదు. అదే తెలుస్తుంది.

తెలిస్తే ఏమవుతుందని అనుకుంటున్నానో నాకే తెలియదు.

జూలై 1

కొట్టావిడ రమ్మంది. వెళ్ళాను. సరేనండి కూడా వచ్చాడు, నిచ్చెన పట్టుకోవడానికి.

హాల్లో ఎడమవైపు ఆరు పాత కర్టెన్లు, కుడివైపు ఆరు కొత్తవి. పొద్దుటి వెలుతురు నిండుగా ఉంది. కొత్తవి ఎంత బావున్నాయో. పాతవే మాసిపోయి టీ ఒలికినట్టున్నాయి. ఆ మాటే అన్నాను, పాతవి ఉతికిస్తే సరిపోతాయని.

పాతవి నిన్ననే ఉతికించానంది ఆవిడ, నెమ్మదిగా. కొత్తవే కుదరలేదు, నీలంగా ఉన్నాయంది. నీలమేమిటన్నాను. మూడు దశాబ్దాలుగా ఈ రంగు చేస్తున్నాను, నాకు చెబుతారా అన్నాను. గొంతు పెరిగింది. ఊడ్చేవాళ్ళు చీపుళ్ళు ఆపి చూశారు. సరేనండి వైపు తిరిగి, చెప్పవయ్యా, ఏది సరైన రంగో చెప్పు అన్నాను. అతను నిచ్చెన వదల్లేదు. నేల చూస్తూ అన్నాడు.

"కాదండి. కొత్తదే నీలం."

జూలై 2

సరేనండికి కూడా నోరొచ్చింది.

షెడ్డుకి వెళ్ళలేదు.

జూలై 3

పొద్దున పాలు కాచి గ్లాసులో పోసుకుని తాగాను. నీళ్ళు పోసి తిప్పి కిటికీకి పట్టుకున్నాను. పసుపు. గ్లాసు తోమి మళ్ళీ చేశాను. పసుపు. గ్లాసు మార్చాను.

పాలు పసుపెక్కవు కదా.

జూలై 4

కంటి డాక్టరు చిన్నపిల్ల, నాకు కూతురుంటే ఆ వయసుంటుంది. గడ్డం ఆన్చమంది, దీపం వేసి చూసింది, ఇంకో కంటికి వేసి చూసింది. రెండు కళ్ళకీ శుక్లాలు, బాగా ముదిరాయి అంది. లోపల అద్దం పసుపెక్కిపోయిందట. చాలా ఏళ్ళ మీద నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి మనిషికి తెలియదట. నీలం సగం లోపలికి రానే రాదట. ఆపరేషన్ చేస్తే పోతుంది, భయపడాల్సింది లేదు అంది. ఏం పని చేస్తారని అడిగింది. రంగుల పని అన్నాను.

పెన్ను కింద పెట్టింది.

"ఇంట్లో ఎవరూ చెప్పలేదా అమ్మా?"

"చెప్పారు" అన్నాను.

ఇప్పుడు రాస్తాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు, ఇక్కడ కూడా అబద్ధమెందుకు.

నీ కళ్ళు నెత్తికెక్కాయని తను అనలేదు. ఆ రోజు ఒక గుడ్డ తాను విప్పి పరిచాం. ఇది పసుపు అన్నాను. కాదు అంది. ఏది పసుపో నాకు తెలియదా అన్నాను. అప్పుడు దగ్గరికొచ్చి, తడి చెయ్యి నా మోచేతి మీద వేసి, నాకు మాత్రమే వినబడేలా, "ఒకసారి కళ్ళు చూపించుకో అక్కా" అంది. అంతే అంది. కళ్ళు కనబడటం లేదా అని జనం తిట్టుకుంటారు కదా, నేను అలాగే విన్నాను. చెయ్యి విదిలించుకుని అందరికీ వినబడేలా అన్నాను, నీ చెయ్యి పోయిందే, ఇక పనికిరావు అని.

అద్దకం పని చేసే మనిషితో అనే మాటేనా అది. ముప్పయ్యేళ్ళు వేడి నీళ్ళలో నానిన చెయ్యి. దాని గోళ్ళ చుట్టూ నీలం ఎప్పుడూ పోయేది కాదు. తన పెళ్ళికి కూడా పోలేదు, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు అడిగితే నేనే సర్దిచెప్పాను.

ఈ మూడేళ్ళూ తను అనని మాటకి కోపం పెట్టుకుని కూర్చున్నాను. అది ఉండబట్టే నేనన్న మాట గుర్తు రాలేదు.

జూలై 12

మరిది ఫోన్. కళ్ళెలా ఉన్నాయన్నాడు. చెప్పాను. పదిహేనున కుడి కన్ను, ఆ తర్వాత ఎడమ కన్ను. తనకి చెప్పనా వదినా అన్నాడు. నీ ఇష్టం అన్నాను.

చెప్పమని అనొచ్చుగా. నోరు పడిపోయిందా.

జూలై 15

ఫారంలో ఒక గడి ఉంది, వెంట వచ్చినవారు, సంబంధం అని. సరేనండి పెన్ను పట్టుకుని నా మొహం చూశాడు. రాయవయ్యా అన్నాను. కాసేపు ఆలోచించి, 'తెలిసినవాడు' అని రాశాడు. నాకు ఏడుపొచ్చింది. కంటికి చుక్కలు వేశారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

జూలై 16

కట్టు విప్పారు.

మొదట నర్సు కోటు. దానికి కింద అంచున నీడలో నీలం ఉంది. తెల్ల కోటు నీడ నీలంగా ఉంటుందని నాకు తెలుసు, పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకి పాఠం చెప్పేదాన్ని కూడా. ఎన్నేళ్ళుగా చూడకుండా చెబుతున్నానో. కిటికీలో ఆకాశం, బకెట్టు, ఎవరిదో చెప్పుల పట్టీ. ప్రతిదాన్నీ చూస్తూ నిలబడ్డాను, వెనక వరసలో జనం ఉన్నారు జరగండి అనేదాకా.

ఇంటికొచ్చి ఈ డైరీ తీశాను. కాగితం తెలుపు. కొట్టువాడికి ఒక క్షమాపణ బాకీ.

ఎడమ కన్ను మూస్తే తెలుపు. కుడి కన్ను మూస్తే పసుపు. ఒక కంటికి తను చెప్పింది నిజం, ఇంకో కంటికి నేను చెప్పింది నిజం. చాలాసేపు అలా మార్చి మార్చి చూశాను, పక్కింటి పిల్ల చూసి ఆంటీ నాకు కన్ను కొడుతోందని వాళ్ళమ్మకి చెప్పింది.

జూలై 18

వంగకూడదన్నారు, బరువులెత్తకూడదన్నారు. సరేనండి అటక ఎక్కి ఆరు తాన్లూ దించాడు. కాగితం చించి బల్ల మీద ఒక బార విప్పాడు. ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని చూశాను.

పాలకడుగు. అమ్మ చేతిలో గ్లాసు. అంచుల దగ్గర ఉందా లేదా అన్నట్టు ఆ నీలం. ఆరు తాన్లలో ఎక్కడా ఒక్క మచ్చ లేదు.

పోయిన నెల నేను చేయించింది పక్కన పరిచాను. కళ్ళలో పొడిచేస్తోంది, ప్లాస్టిక్ బకెట్టు నీలం. ఈ మూడేళ్ళలో చేసినవన్నీ గుర్తొచ్చాయి. మీ నీలాలు గట్టిగా ఉంటున్నాయండీ అని ఇద్దరు ముగ్గురు అన్నారు, కొత్త ఫ్యాషన్ అని చెప్పి పంపించాను.

సరేనండిని అడిగాను, నీకు మొదటి నుంచీ తెలుసా అని. తెలుసన్నాడు. మరి ఎందుకు చెప్పలేదంటే, కాదన్నావిడని పంపించేశారని విన్నాను మేడమ్ అన్నాడు.

జూలై 19

ఆరు తాన్లూ నిన్ననే హాలుకి పంపాను. సాయంత్రం కొట్టావిడ ఫోన్ చేసింది, ఏవి పాతవో ఏవి కొత్తవో కుట్టినవాడికే తెలియడం లేదట. మీ చెయ్యే చెయ్యి అంది. నాది కాదు, మా చెల్లిది అన్నాను. మూడేళ్ళ కిందట మీ ఎదుటే వద్దన్నానే, అవేనన్నాను. ఆవిడ మాట మార్చి బిల్లు సంగతి ఎత్తింది. గుర్తుంది కాబోలు.

జూలై 20

చెల్లికి ఉత్తరం రాశాను. చింపాను. మళ్ళీ రాశాను. మొత్తం నాలుగు. ఒకదాంట్లో అన్నీ నా కళ్ళ సంగతులే, ఒకదాంట్లో అన్నీ సంజాయిషీలు. మూడోది బానే ఉంది కానీ చివర్లో సలహా ఇచ్చాను. నాలుగోదాంట్లో 'వచ్చెయ్యి' అని ఒక్కటే రాసి, ఏ మొహం పెట్టుకుని అనిపించి చింపేశాను.

సొరుగులో తను వెళ్ళిపోయిన రోజు ఆ తాన్ల కొసన కోసిన శాంపిల్ ముక్క ఉంది. నాలుగు మూలలూ ఉన్న ముక్క. మూడేళ్ళూ ఎందుకు దాచానో అడగవద్దు. కత్తెర తీసి కుడి మూల కత్తిరించాను. అంచు సరిగా తెగలేదు. మూల ఈ పేజీలో అంటించాను. ముక్క కవరులో పెట్టి, లోపల ఒక్క అక్షరం రాయకుండా, పోస్టులో వేశాను.

జూలై 23

చేరి ఉంటుంది.

జూలై 24

చేరి ఉంటుంది. ఒకవేళ మరిది తీసుకుని ఎక్కడైనా పెట్టి మరచిపోయాడేమో. అతను మరచిపోయే రకమే.

జూలై 28

కొత్త డిజైను మొదలుపెట్టాను. సన్న కొమ్మ, దాని మీద చినుకులు ఆగినట్టు మొగ్గలు. సరేనండికి చూపించాను. బావుందండి అన్నాడు. నిజం చెప్పమన్నాను. చాలాసేపు చూసి, మొగ్గలు కాస్త ఎక్కువయ్యాయేమో అన్నాడు, వెంటనే భయపడ్డాడు. తగ్గించాను. మెరుగైంది. నేర్చుకుంటున్నాడు, నేనూ నేర్చుకుంటున్నాను. అయినా ఆ మాట చెప్పాల్సిన మనిషి ఇతను కాదు.

తొట్టి పక్కన చెల్లి మేకు ఖాళీగా ఉంది. మూడేళ్ళుగా నా ముక్కలు పక్క మేకుకే తగిలిస్తున్నాడట. నేనేమీ చెప్పలేదు, అతనే అలా చేస్తున్నాడు. ఈ రోజే గమనించాను.

ఆగస్టు 2

చెల్లిని చూడాలని ఉంది. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

ఆగస్టు 4

తొమ్మిదిన ఎడమ కన్ను. వాయిదా వేద్దామా అని ఒక ఆలోచన వచ్చింది. ఈ కంటితోనేగా దాన్ని పంపించేశాను, ఈ కన్ను కూడా బాగైతే ఇక తప్పు మోపడానికి ఏమీ మిగలదు. అప్పుడు ఉండేది నోరొక్కటే. పిచ్చి ఆలోచన. తొమ్మిదినే.

ఆగస్టు 6

పొద్దున పదకొండింటికి ఫోన్. మరిది నంబరు. నెల తిరగలేదే అనుకుంటూ ఎత్తాను. వెనక బండ్ల చప్పుడు లేదు. పెద్ద పెద్ద మిషన్లు తిరుగుతున్న చప్పుడు.

"కత్తెర మొద్దుబారింది. అంచు నమిలినట్టుంది."

ఎలా ఉన్నావని లేదు, అక్కా అని లేదు. నాలుగు ఉత్తరాలు రాసి చింపిన మనిషిని, ఒక్క మాట గుర్తు రాలేదు. సాన పట్టిస్తాలే అన్నాను. ఫోన్ పెట్టేస్తుందేమోనని భయమేసింది. అప్పుడు వచ్చింది నోట్లోంచి.

"నీ చెయ్యి పోలేదే. నేనే అన్నాను ఆ మాట."

మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది, దానిదో నాదో తెలియలేదు. రెండో కన్ను ఎప్పుడట అంది. తొమ్మిదిన అన్నాను. వెంట ఎవరొస్తున్నారంది. మా అద్దకం అతను వస్తానన్నాడని చెప్పాను.

"కాదు" అంది.

మూడేళ్ళయింది ఆ మాట విని. అటువైపు ఎవరో పిలిచారు, పెట్టేసింది. నేను కత్తెర సంచీలో వేసుకుని సాన పట్టేవాడి దగ్గరికి బయల్దేరాను.